గేటు స్తంభం

ఆగస్టు 6, మంగళవారం

ఇవాళ కారు గేటు స్తంభానికి తగిలింది. ముందు బంపరుకి ఎడమవైపు సొట్ట, బానెట్ అంచున నొక్కు, ఎడమ హెడ్‌లైటు మీద వెంట్రుకంత బీట. ఈయనకి అలాగే చెప్పాను. "పదేళ్ళ నుంచి అక్కడే ఉన్న స్తంభం ఇవాళ అడ్డం వచ్చిందా?" అన్నారు. నేనూ నవ్వాను.

ఈ నోట్‌బుక్ ఎవరూ తెరవరు. అట్ట మీద "కెమిస్ట్రీ ల్యాబ్ స్టాకు" అని ఉంది. అందుకని అసలు సంగతి ఇక్కడ ఒక్కసారి రాసేసి పేజీ తిప్పేస్తాను.

ప్రాక్టికల్స్ ఆలస్యమై ఆరున్నరకి కాలేజీ నుంచి బయల్దేరాను. జోరున వాన. గోడౌన్ల రోడ్డు మలుపులో కారుకి ఏదో తగిలింది. పెద్ద చప్పుడేం కాదు. తడిసిన పరుపుని నేల మీద పడేస్తే ఎలా ఉంటుందో అలా. బ్రేకు వేశాను. వేశాననే అనుకుంటున్నాను. కారు నెమ్మదించింది గానీ ఆగలేదు. అద్దంలో వాన తప్ప ఏం కనపడలేదు.

కుక్క అయి ఉంటుంది. ఆ మలుపులో కుక్కలు ఎక్కువ.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ మొహం పట్టిచ్చేస్తుంది. అందుకని ఇంటి ముందుకొచ్చాక నిజంగానే కారుని స్తంభానికి ఆనించాను. కొంచెం గట్టిగానే. కాబట్టి స్తంభానికి తగిలిందనడంలో అబద్ధం లేదు.

ఆగస్టు 7, బుధవారం

కుక్కే.

ఆగస్టు 9, శుక్రవారం

పొద్దున పేపరు ఈయన చదివి మడిచి పెట్టేదాకా వంటింట్లోంచి బయటికి రాలేదు. రెండు రోజులుగా కాలేజీకి వేరే రోడ్డున వెళ్తున్నాను. నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. రోడ్డు బాగుంటుంది కదా అని.

ల్యాబ్‌లో పిల్లలతో రోజూ అనేమాటే ఇవాళా అన్నాను. "చూసింది రాయండి, అనుకున్నది రాయకండి." అన్నాక కాసేపు బోర్డు వైపు తిరిగి నిలబడిపోయాను. ఒక పిల్ల "మేడమ్, ఒంట్లో బాగాలేదా?" అంది.

కారు తలుపు తీసి, ఎక్కే ముందు ఒకసారి మళ్ళీ మూసేస్తున్నాను. సీటు, స్టీరింగు, ఆ అద్దం, అన్నీ అవే. అన్నాల దగ్గర మెల్లిగా కదిపాను, కారు మార్చేద్దామా అని.

"సొట్టకి కారు మారుస్తారటే ఎవరైనా? పన్ను పుచ్చితే తలకాయ మార్చుకున్నట్టుంది," అన్నారీయన.

"ఎనిమిదేళ్ళయిందండీ. బండి పాతబడింది."

"మన పెళ్ళయి పందొమ్మిదేళ్ళయింది. రేపు నన్నూ ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేస్తావేమో."

అమ్మాయి పగలబడి నవ్వింది. "నాన్నకి ఏ షోరూమ్‌లోనూ రేటు పలకదులే. అమ్మా, ఎర్ర కారు కొందాం, ప్లీజ్." పదహారేళ్ళది ఒకసారి పట్టు పడితే ఈయన నిలవలేరు. రేపు వెళ్తున్నాం.

ఆగస్టు 10, శనివారం

షోరూమ్‌లో చల్లదనం ఎముకల్లోకి దిగింది. కార్లని ఎంతలా తుడిచారంటే ప్రతి తలుపు మీదా నా మొహమే. వంకరగా, సాగి, ముక్కు పెద్దదై.

మాకు తగిలిన కుర్రసేల్స్‌మన్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ మడత చెదరలేదు, నవ్వూ చెదరలేదు. ఏది అడిగినా "తప్పకుండా మేడమ్" అంటాడు. మంచినీళ్ళు ఇస్తారా అంటే తప్పకుండా. బాత్రూమ్ ఎటు అంటే తప్పకుండా. ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి ఆయనకి "తప్పకుండా గారు" అని పేరు పెట్టేసింది.

కూర్చోబెట్టి ఒక ఫారం తీశాడు. రోజుకి ఎంత దూరం నడుపుతారు? ఏ రోడ్డున వెళ్తారు? ఇంట్లో ఎవరెవరు నడుపుతారు? కారు కొనాలా వద్దా అని చివరి మాట ఎవరిది? ఇదంతా ఎందుకండీ అంటే, "మీ గురించి పూర్తిగా తెలిస్తేనే కదా మేడమ్, మీకు ఏం కావాలో మేం చెప్పగలం," అన్నాడు. తర్వాత పెన్ను ఎత్తి పట్టుకుని, "ఇప్పుడే మార్చాలని ఎందుకు అనిపించింది?"

ఈయనే అందుకున్నారు. "గేటు స్తంభాన్ని కొట్టేసిందయ్యా మా ఆవిడ."

బయటికొచ్చి పాత కారు చూశాడు. సొట్ట మీద అరచెయ్యి పెట్టి, పసిపిల్ల నుదురు తడిమి జ్వరం చూసినట్టు చూశాడు. "స్తంభానికేం కాలేదు కదా సార్?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చిందని ఆయన గమనించాడు. గమనించాడనే అనిపించింది. గమనించడమే కదా వాళ్ళ ఉద్యోగం.

ఆగస్టు 12, సోమవారం

ఇవాళ ఐదుసార్లు ఫోన్ చేశాడు.

మొదటిసారి రంగుల గురించి. రెండోసారి నిర్ణయం తీసుకున్నారా అని. మూడోసారి నేను క్లాసులో ఉన్నాను. నాలుగోసారి గొంతు తగ్గించి, "మేడమ్, ఒక్క విషయం. మీ పాత కారు గురించి మా పైవాళ్ళతో మాట్లాడాను. ఇది ఫోన్లో వద్దు. వచ్చి కలిస్తే బాగుంటుంది. సార్ రాకపోయినా పర్వాలేదు, మీరొక్కరే రండి," అన్నాడు.

ఐదోసారి మోగితే ఎత్తలేదు. మెసేజ్ వచ్చింది. "తప్పించుకోలేరు మేడమ్, నేను అంత తేలిగ్గా వదలను." చివర నవ్వుతున్న బొమ్మ.

ఆ బొమ్మ ఎందుకు పెట్టాడు?

ఆగస్టు 13, మంగళవారం

వెళ్ళాను. ఈయనకి చెప్పలేదు.

గాజు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. నా చేతులు బ్యాగు కింద దాచుకున్నాను. ఆయన ముందుకు వంగి, "మేడమ్, ఇలాంటివి బయటపడితే చాలా ఖర్చు. ముందే జాగ్రత్తపడితే ఎవరికీ తెలీకుండా పోతుంది," అన్నాడు.

"ఏది?" అన్నాను.

"తుప్పు మేడమ్."

కొత్త కారు అడుగు భాగానికి తుప్పు పట్టకుండా ఏదో పూత వేస్తారట. పైవాళ్ళతో మాట్లాడింది పాత కారుకి మరికాస్త రేటు ఇప్పించడానికట. సార్ ఉంటే ఆ పూత వద్దంటారని నన్నొక్కదాన్నే రమ్మన్నాడట.

ఒప్పుకున్నాను. సీటు కవర్లకీ ఒప్పుకున్నాను. మూడేళ్ళ అదనపు వారంటీకీ సంతకం పెట్టాను. ఆయన ఏది అడిగినా పెట్టేదాన్ని. పీక మీంచి చెయ్యి తీసినవాడికి ఏదో ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది కాబోలు. "మీలాంటి కస్టమర్ని చూళ్ళేదు మేడమ్," అన్నాడు లేచి తలుపు తెరుస్తూ.

రంగు కూడా నేనే చెప్పేశాను. తెలుపు. ఎండకి వేడెక్కదని.

ఆగస్టు 14, బుధవారం

తెలుపని తెలిసి అమ్మాయి అలిగి గదిలో కూర్చుంది. "మన బూడిద రంగుదే నయం. ఆసుపత్రి వ్యానులా ఉంటుంది తెల్లది," అంది తలుపు సందులోంచి.

ఆగస్టు 16, శుక్రవారం

ఇవాళే రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంటుంది.

సాయంత్రం ఐదున్నరకి తప్పకుండా గారు టెస్ట్ డ్రైవ్‌కి తెల్ల కారు తెచ్చాడు. నేను నడిపాను, పక్కన ఆయన. ఈయనా అమ్మాయీ రాలేదు. "మాకు ఒక రూటు ఉంది మేడమ్. ఒక ఎత్తు, ఒక గుంతల రోడ్డు, ఒక మలుపు. కారు ఎలాంటిదో ఈ మూడింట్లోనే తెలిసిపోతుంది." ఎత్తు ఎక్కించాడు. గుంతల్లో తిప్పాడు. ఆ తర్వాత ఎడమకి తిప్పమన్నాడు.

గోడౌన్ల రోడ్డు.

"ఇటు వద్దు," అన్నాను.

"ఒక్క మలుపే మేడమ్. స్టీరింగు చూడండి, వెన్నలా తిరుగుతుంది."

పది రోజుల తర్వాత చూశాను ఆ మలుపుని. ఎండలో మామూలు మలుపే. ఎడమవైపు పెద్ద ఇనప గేటు. గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒకావిడ. యాభై ఏళ్ళుంటాయి. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా, చేతులు మడిచి. ఒళ్ళో పొడుగాటి రిజిస్టరు. రోడ్డున పోయే కార్లనే చూస్తోంది. మా ముందు పోతున్న కారుని చూడగానే చకచకా ఏదో రాసుకుంది. మేం పక్కనుంచి వెళ్తే తల కూడా ఎత్తలేదు.

నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. టెస్ట్ డ్రైవ్‌లో మౌనంగా ఉండకూడదని వాళ్ళకి నేర్పుతారేమో.

"ఈ గోడౌన్ వాచ్‌మన్ భార్య మేడమ్. మొన్న వానలో ఆయన గొడుగేసుకుని రోడ్డు దాటుతుంటే ఎవరో గుద్దేసి పోయార్ట. తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. ఉద్యోగం పోకుండా ఈవిడే వచ్చి కూర్చుంటోంది. గేట్లోకొచ్చే లారీల నెంబర్లు రాయాలి కదా, ఆ రిజిస్టర్లోనే ఒకవైపు బూడిద రంగు కార్ల నెంబర్లన్నీ రాస్తోంది. ఆయన చూసింది రంగొక్కటేనట." చేతిలో ఉన్న పని గుర్తొచ్చినట్టు నవ్వాడు. "మనది తెల్లది కదా మేడమ్. మనవైపు చూడదు. స్టీరింగు ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాను.

బాగుంది అన్నాను.

గొడుగు. ఆ రోజు అద్దంలో వాన తప్ప ఏం కనపడలేదని పైన రాశాను. గొడుగు కనపడింది. నల్లది, తిరగబడి, రోడ్డు మధ్యలో గాలికి గిరగిరా తిరుగుతోంది. కుక్కలు గొడుగులు పట్టుకోవని నాకు తెలుసు.

ఆగస్టు 17, శనివారం

బతికే ఉన్నాడు.

బతికే ఉన్నాడు.

ఆగస్టు 18, ఆదివారం

ఆసుపత్రికి ఫోన్ చేశాను. గోడౌన్ వాచ్‌మన్, రోడ్డు యాక్సిడెంటు కేసు, ఎలా ఉన్నాడండీ అని అడిగాను.

"మీరు పేషెంటుకి ఏమవుతారు?" అంది అవతలి అమ్మాయి.

ఫోన్ పెట్టేశాను.

పొద్దుట్నుంచీ నాలో నేనే వాదించుకుంటున్నాను. వాన నిజం. ఆయన చూసుకోకుండా దాటి ఉండొచ్చు, అదీ కాదనలేం. నేను ఆగి ఉంటే మాత్రం విరిగిన ఎముక అతుక్కునేదా? ఎవరి ద్వారానో వాళ్ళకి సాయం పంపొచ్చు. పేరు చెప్పకుండా. నేను బయటపడితే కాలేజీలో ఉద్యోగం పోతుంది, అమ్మాయికి ఇది పరీక్షల ఏడు, ఈయన ఆఫీసులో తలెత్తుకోలేరు. ఇన్ని జీవితాలు అటు, ఒక తుంటి ఇటు.

ఈ చివరి వాక్యం చదువుకుంటే ఎవరో రాసినట్టుంది. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. రాసింది నేనే.

ఆగస్టు 20, మంగళవారం

పాత కారుకి రేటు కట్టడానికి సాయంత్రం మనిషి వచ్చాడు. వెంట తప్పకుండా గారు.

వచ్చినాయన అరవైకి దగ్గర్లో ఉంటాడు. సన్నగా, చెవుల మీద వెంట్రుకలతో. చేతిలో టార్చిలైటు, జేబులో కొలత టేపు, అగ్గిపెట్టెంత మిషన్ ఒకటి. దాన్ని రేకు మీద ఆనిస్తే రంగు ఎంత మందాన ఉందో చెబుతుందట. మాట్లాడడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపులు తెరిచి మూసి, ఆ చప్పుడు విన్నాడు. చివరికి సొట్ట దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

అక్కడే ఉండిపోయాడు. టార్చి పక్కనుంచి వేసి, కింద నుంచి వేసి, బంపరుకి మొహం ఆనించేంత దగ్గరికెళ్ళి చూశాడు. మా అమ్మాయి సరదాపడి పక్కనే కూర్చుంది.

"ఏం చూస్తున్నారంకుల్?"

"చదువుతున్నానమ్మా."

"ఏం రాసుంది?"

ఆయన లేచి, టేపు తీసి మా గేటు స్తంభం దగ్గరికి వెళ్ళాడు. నేల నుంచి దాని మీద పడ్డ గీత దాకా కొలిచాడు. మళ్ళీ వచ్చి బంపరు కొలిచాడు. నేను అరుగు మీద నిలబడి అన్నీ చూస్తున్నాను.

"బుజ్జీ, లోపలికెళ్ళి అంకుల్‌కి మంచినీళ్ళు తీసుకురా," అన్నాను. వెళ్ళింది.

అప్పుడు చెప్పాడు, సొట్టనే చూస్తూ, బడిపిల్లకి లెక్క చెప్పినట్టు. "గోడ తగిలితే గీత పడుతుంది మేడమ్. సున్నం అంటుతుంది. ఇదిగో, ఆ గీత ఇది. పైపైన ఉంది. దీనికింద ఉన్న సొట్ట గోడది కాదు. మెత్తటిది ముందు తగిలింది, గోడ తర్వాత. ఇక్కడ బంపరు మీద గుడ్డ నేత అచ్చు పడింది. చూస్తారా?" టార్చి నావైపు చాపాడు.

నేను తీసుకోలేదు.

ఇంతలో తప్పకుండా గారు ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "ఏంటి గురువుగారూ, ఇంతసేపు? గేటు స్తంభం అని రాసెయ్యండి. మేడమ్ మన మనిషి."

పెద్దాయన ఫారం తీసి రాశాడు. రాస్తూనే, "ఈ ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళయింది," అన్నాడు. "ఇన్ని కార్లని కొట్టడానికి ఈ ఊళ్ళో అన్ని గేటు స్తంభాలు లేవు మేడమ్."

తప్పకుండా గారు పెద్దగా నవ్వాడు. ఆయనకి అది జోకు.

"కొత్త బండి తీసుకునే రోజు ఇది మాకు అప్పజెబుతారు," అన్నాడు పెద్దాయన ఫారం మడుస్తూ. "మర్నాడు వర్క్‌షాపుకి పోతుంది. ఆ బంపరు పీకి పారేస్తారు. కొత్తది బిగించి రంగు కొడతారు. ఆ తర్వాత దీన్ని ఎవరూ చదవలేరు."

అమ్మాయి తెచ్చిన నీళ్ళు గటగటా తాగి, గ్లాసు తిరిగిస్తూ నా కళ్ళలోకి చూశాడు. జాలో, అసహ్యమో, మరింకేదో. మొహాలు చదవడం నాకు రాదు.

ఆగస్టు 22, గురువారం

రెండు రోజులు ఆ టార్చి పెద్దాయన ఫోన్ కోసం చూశాను. రాలేదు. ఎంత అడుగుతాడో అని బెంగ. అడగడేమో అని అంతకన్నా బెంగ. అడిగితే ఇచ్చి, ఒక సంగతి తేలిపోయిందనుకోవచ్చు కదా.

చివరికి షోరూమ్‌లో నెంబరు అడిగి నేనే చేశాను.

"మీకేం కావాలి?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"ఎవరండీ?"

చెప్పాను.

"ఆఁ, మేడమ్. బండి కాగితాల జిరాక్సులు రెండు సెట్లు కావాలి. బ్యాంకు నుంచి ఒక లెటరు."

"అది కాదు. మీకు ఏం కావాలి?"

వెనక ఎక్కడో సుత్తి చప్పుడు. "నాకేం కావాలి మేడమ్," అన్నాడు. "మీరు ఫోన్ చేస్తారనుకున్నాను. ఇలాంటి బండ్లవాళ్ళు చాలామంది చేస్తారు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. కొత్త కారు తీసుకుంటారు."

ఆగస్టు 25, ఆదివారం

బుధవారం సాయంత్రం ఐదున్నరకి డెలివరీ. తప్పకుండా గారు ఇంటికే వచ్చి చెప్పి వెళ్ళాడు. ఫోటో తీస్తారట, కారుకి రిబ్బను కడతారట, మనిషంత తాళంచెవి బొమ్మ చేతికిస్తారట. "పాత కారు కాస్త ముందు తెచ్చేయండి మేడమ్. అప్పజెప్పి కొత్తదాంట్లో ఇంటికెళ్ళిపోవడమే. పాతది ఇక మీరు చూసే పనే ఉండదు."

"తప్పకుండా," అన్నాను. అమ్మాయి పక్కకి తిరిగి నవ్వింది.

ఈయనకి ఇప్పుడు హుషారొచ్చింది. "ఇంటికి వచ్చేటప్పుడు గోడౌన్ల రోడ్డు మీదుగా వద్దాం. ఈమధ్య నువ్వు ఆ చుట్టుదారిన తిరిగి పెట్రోలంతా తగలేస్తున్నావ్. కొత్త కారులో దర్జాగా మన దారినే వద్దాం."

"సరే," అన్నాను.

ఎన్ని సరేలు అన్నాను ఈ నెలలో.

ఆగస్టు 27, మంగళవారం

కారులో కొత్తగా ఏం సర్దుకోవాలో అమ్మాయి లిస్టు రాస్తోంది. టిష్యూ డబ్బా, ఫోన్ స్టాండు, గొడుగు.

గొడుగు వద్దు అని అరిచాను. ఇద్దరూ నా మొహం చూశారు. వానలు అయిపోయాయి కదా అన్నాను.

ఆగస్టు 28, బుధవారం

ఐదూ నలభై. గోడౌన్ గేటు లోపల, పాత కారులో కూర్చుని రాస్తున్నాను. పేజీలు ఇంకా చాలా ఉన్నాయి. ఎంతసేపు రాయనిస్తారో తెలీదు.

ఈయనా అమ్మాయీ ఈయన ఆఫీసు నుంచి నేరుగా షోరూమ్‌కి వెళ్ళారు. నేను కాలేజీ నుంచి పాత కారులో రావాలి. కూడలి దగ్గర సిగ్నల్ పడింది. కుడికి షోరూమ్. ఎడమకి ఈ రోడ్డు. సిగ్నల్ పడిన దగ్గర్నుంచి లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఇంకో గంటలో తెల్ల కారులో ఈ గేటు ముందునుంచి వెళ్తాను. ఆవిడ తలెత్తదు. రేపు వెళ్తాను, తలెత్తదు. వచ్చే ఏడూ, ఆ పై ఏడూ వెళ్తాను. ఆవిడ బూడిద రంగు కార్లనే వెతుక్కుంటూ ఆ కుర్చీలో కూర్చునే ఉంటుంది. పన్నెండు రోజులుగా ఆవిడ కంట పడతానేమోనని హడలి చచ్చాను. ఇక ఎప్పటికీ పడనని అప్పుడు తెలిసింది. దానికి వేసిన భయం ముందు ఆ భయం ఏపాటిదీ కాదు. ఇది ధైర్యం అనుకోవద్దు. పెద్ద భయం చిన్న భయాన్ని నెట్టేసింది, అంతే.

వెనక హారన్లు మోగాయి. ఎడమకి తిప్పాను.

దూరం నుంచే చూసింది. కుర్చీలోంచి సగం లేచి, నెంబరు చదివి, రాసుకోవడం మొదలుపెట్టింది. నేను దాటిపోతాననుకుంది. కారు గేటువైపు తిప్పి ఆపాను.

రాయడం ఆపి దగ్గరికొచ్చింది. అద్దం దించాను. చొక్కా జేబు మీద వాళ్ళాయన పేరుపట్టీ అలాగే ఉంది.

"గోడౌన్‌కి ఇవాళ సెలవమ్మా. ఎవురూ లేరు. ఎవురు కావాల?"

స్టీరింగు పట్టుకునే కూర్చున్నాను. ఆవిడకి కొత్త కాదేమో, దారి తప్పినవాళ్ళు రోజూ వస్తుంటారు. రిజిస్టరు తెరిచి పెన్ను క్యాపు పళ్ళతో తీసింది. గేటు దగ్గర ఆగిన బండికి ఏం అడగాలో అదే వరసలో అడిగింది. పేరు? చెప్పాను. ఎక్కణ్ణుంచి? చెప్పాను. ఫోన్ నెంబరు? చెప్పాను. ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాస్తోంది. చదువు సగంలో ఆపినవాళ్ళ రాత.

"ఏం పని మీద వచ్చినారు?"

చెప్పాను. కుక్క అనలేదు, స్తంభం అనలేదు. ఆరో తారీఖు అన్నాను, ఆరున్నర దాటాక అన్నాను. వాన అన్నాను గానీ దాన్ని కారణంగా చెప్పలేదు. అద్దంలో గొడుగు కనపడిందని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ పెన్ను ఆగలేదు. మొహం కాగితం మీంచి ఎత్తలేదు. నేను అయిపోయిందని ఆపాక కూడా ఇంకా రాస్తూనే ఉంది.

తర్వాత కారు ముందుకెళ్ళి నిలబడింది. బంపరు మీద చెయ్యి వెయ్యలేదు. కాసేపు చూసింది. ముక్కు చీది, చేతిని చొక్కాకి తుడుచుకుంది.

"ఇదేనా?"

"ఇదే."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. పక్కసీట్లో ఫోన్ మోగుతోంది, తప్పకుండా గారు. మోగి మోగి ఆగి మళ్ళీ మొదలైంది.

"మాట్లాడండి," అంది.

ఎత్తాను. "మేడమ్, సార్ వచ్చేశారు, పాప వచ్చేసింది, ఫోటోగ్రాఫరు రెడీ. మీరు ఎక్కడున్నారు?"

"గోడౌన్ల మలుపులో. వాచ్‌మన్ భార్య దగ్గర. ఆ బూడిద రంగు కారు నాదే."

మొదటిసారి ఆయన తప్పకుండా అనలేదు. చిన్నపిల్లాడి గొంతుతో, "సార్‌కి నేనేం చెప్పను మేడమ్?" అన్నాడు.

"ఫోన్ ఆయనకిస్తే నేనే చెబుతాను. ఇవ్వండి."

ఈయనతో మాట్లాడిందంతా ఇక్కడ రాయలేను. మొదట నవ్వారు. తర్వాత "అక్కడే ఉండు," అన్నారు. తర్వాత ఫోన్ పెట్టెయ్యలేదు. వెనక అమ్మాయి గొంతు, "ఏమైంది నాన్నా, అమ్మకేమైంది?" అని.

ఆవిడ తన ఫోన్లో తమ్ముడితో మాట్లాడింది, స్టేషన్‌కి చెప్పమని. ఇంజను ఆపమంది. ఆపాను. కారు లోపలికి తెమ్మని గేటు తెరిచింది. మళ్ళీ స్టార్ట్ చేసి లోపలికి తెచ్చి ఆపాను. వెనక గేటు మూసి గొళ్ళెం వేసింది.

అప్పుడు రిజిస్టరు కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టింది. "సంతకం పెట్టండమ్మా. వచ్చినోళ్ళు పెట్టాల."

'వచ్చిన పని' అన్న గడిలో పట్టక, పక్క గడుల్లోకి, కింది వరసలోకి పాకింది ఆవిడ రాత. "వాచ్‌మన్‌ను గుద్దింది తామే అని చెప్పడానికి వచ్చినారు. ఆగలేదని చెప్పినారు." వచ్చినారు, చెప్పినారు. గేటు దగ్గర ఎవరికైనా ఇచ్చే మర్యాదే నాకూ ఇచ్చింది.

సంతకం పెట్టాను. లోపలికి వచ్చిన టైము ఆవిడే వేసింది, ఐదూ ఇరవై రెండు. బయటికి వెళ్ళిన టైము గడి ఖాళీగా ఉంది.